రాష్‌కే మేడ పైకి లేచిన కథ

ఫిబ్రవరి 11, 1985, సోమవారం

పురపాలక కార్యాలయం నుంచి ఒకాయన వచ్చి ముందు తలుపుకి పసుపుపచ్చ కాగితం అంటించి వెళ్ళాడు. ఆ జిగురు తలుపు రంగు ఊడదీస్తుందని చెప్పాను. "పోనీ మేకు కొట్టమంటారా అమ్మా?" అన్నాడు. జిగురే కానిమ్మన్నాను.

కాగితంలో ఉన్నది ఇది. ఏడాదిన్నర కిందటి తుఫాను తర్వాత మా ఇంటి వెనక భాగం కుంగుతోంది. భోజనాల గది గోడ పైనుంచి కింది దాకా బీట తీసింది. పునాది గట్టిదని ఏప్రిల్ ఆఖరులోగా ఇంజినీరు చేత రాయించి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఖాళీ చెయ్యాలి. ఆ పైన పడగొట్టడమా మానడమా అన్నది వాళ్ళ ఇష్టం.

అత్తగారు చేతికర్ర పట్టుకుని వచ్చి చూశారు. చదవలేదు. "ఆకుపచ్చ తలుపు మీద పసుపుపచ్చేమిటి, కళ్ళు పోయాయా వాళ్ళకి," అని పక్కనున్న గన్నేరు కొమ్మను వంచి కాగితానికి అడ్డం పెట్టారు. చెయ్యి తియ్యగానే కొమ్మ వెనక్కి పోయింది.

సాయంత్రం మా ఆయన లెలాండ్ రేవు ఆఫీసు నుంచి వచ్చి కాగితం రెండుసార్లు చదివి, టోపీ తియ్యకుండానే కుర్చీలో కూర్చున్నాడు. రొయ్యల పులుసు చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేశాను.

ఫిబ్రవరి 12

ఇల్లు పోతే నాకు బాధేం లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఈ మేడ కిటికీ అద్దాల మీద సముద్రపు ఉప్పు తుడుస్తున్నది నేను. తర్వాత మర్చిపోకుండా రాసి పెట్టుకుంటున్నాను. బాధ లేదు.

ఫిబ్రవరి 16, శనివారం

హ్యూస్టన్ నుంచి ఆడవాళ్ళ బృందం ఒకటి ఇల్లు చూడ్డానికి వచ్చింది. క్రిస్మస్ ముందే ఒప్పుకున్నాం, కాదనలేం. బీట కనిపించకుండా పింగాణీ బీరువాను గోడ ముందుకు జరిపాం. లెలాండ్‌కి నడుం పట్టేసింది.

అత్తగారు ముత్యాల దండ వేసుకుని పియానో పక్కన నిలబడ్డారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, కథ మొదలుపెడితే కర్ర అవసరం ఉండదు. నన్ను నిద్రలో లేపి అడిగినా ఆ కథ అప్పజెప్పగలను.

"1900 తుఫానుకి ఈ గాల్వెస్టన్ ద్వీపం సగం కొట్టుకుపోయింది. నేను ఆ తర్వాతి ఏడు పుట్టాను. మళ్ళీ సముద్రం మింగకుండా ఊరినే ఎత్తు చేద్దామనుకున్నారు. సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి, నీళ్ళతో కలిపి, గొట్టాల్లో వీధుల్లోకి వదిలారు. ఇసుక పోయించేది ఊరు. ఇల్లు ఎత్తించుకోవాల్సింది మాత్రం ఎవరికి వాళ్ళే. మా నాన్న ఎమిల్ రాష్‌కే ఈ ఇటుక మేడని జాకీల మీద ఎత్తించారు. అదుగో ఆయన."

అందరూ గోడ మీది ఫోటో వైపు తిరిగారు. పెద్ద మీసాలాయన చేతులు కట్టుకుని పెరట్లో నిలబడి ఉంటాడు. పక్కన ఆయనంత ఎత్తున ఇనుప జాకీల గుట్ట.

"ఒక్కో జాకీ దగ్గర ఒక్కో మనిషి. డప్పు మోగితే అందరూ ఒకేసారి పావు చుట్టు తిప్పాలి. ఒక్కడు తప్పినా గోడ పగులుతుంది. నేను ఈ పియానో మూత మీద కూర్చున్నాను. అమ్మ టీ పోస్తోంది. ఇల్లు ఏడడుగులు లేచింది. కప్పులో టీ తొణకలేదు."

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో పక్కింటి వినీ ప్యాక్‌స్టన్ కూడా. పాత ఇళ్ళ సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. ప్రతిసారీ వస్తుంది, ప్రతిసారీ వెనకే నిలబడుతుంది.

"ఈసారైనా టీ బదులు కాఫీ అంటావేమో అనుకున్నా ఆగస్టా," అంది.

"మీ ఇంట్లో అయితే కాఫీయే వినీ. మీవాళ్ళకి టీ కాయడం ఎప్పుడొచ్చింది గనక."

వెళ్ళేటప్పుడు వినీ తలుపు మీది కాగితం చూసింది. ఏమీ అనలేదు. వినీ ఏమీ అనకపోవడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 19

ఊళ్ళో మార్డీ గ్రా పండగ ఊరేగింపు. ఎవరో రంగు పూసల దండలు మా గేటుకి వేసి పోయారు. తీసి కడిగి సీసాలో పెట్టాను.

ఫిబ్రవరి 26, మంగళవారం

ఇంజినీరు వచ్చాడు. రూబెన్ సాలస్, కుర్రతనం పోయి పెద్దరికం రాని వయసు. బూట్లు బయటే విప్పాడు. అది నాకు నచ్చింది.

బీట చూశాడు, నేల మీద గోళీ వదిలి అది ఎటు దొర్లుతుందో చూశాడు. వెనక వసారా వైపే దొర్లింది. తర్వాత అత్తగారి ముందు స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"జాకీలతో ఎత్తిన ఇల్లంటే కింద ఇటుక స్తంభాలుంటాయి మేడమ్. స్తంభాల మధ్య ఇసుక. స్తంభాలే కుంగుతుంటే ఇంత బరువుని ఆపడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. పైనుంచి చూసి ఏమీ రాయలేను. గోడ వారన గొయ్యి తీసి చూడాలి."

"నా ఇంటి కింద తవ్వుతావా?"

"నాలుగు రోజుల పని. మళ్ళీ పూడ్చేస్తాను."

"చెంచాడు ఇసుక కూడా తియ్యనివ్వను," అన్నారు అత్తగారు. "నోరీన్, ఈ అబ్బాయికి పెకాన్ పప్పుల తీపి రొట్టె ఓ ముక్క పెట్టి పంపించు."

పెట్టాను. బాగుందన్నాడు. ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది. ఆవిడ సంతకం లేకుండా పార పట్టుకోకూడదట.

ఫిబ్రవరి 27

తల్లీ కొడుకుల గొడవ. నేను వెండి చెంచాలు తోముతూ వంటింట్లోనే ఉన్నాను.

"తవ్వకపోతే ఇల్లు పోతుందమ్మా."

"పోతే పోనీ."

"పోతే పోనీయా? ఈ ఇంటి గురించి తప్ప ఇంకో మాట మాట్లాడగా నేను పుట్టి వినలేదు."

"అరవకు లెలాండ్. వినీకి వినపడుతుంది."

ఆవిడ మొండిది, అంతే. ముసలితనం. ఇంకో కారణం ఏముంటుంది.

మార్చి 3, ఆదివారం

చర్చి అయ్యాక వంతెన దాటి ఆవలి ఒడ్డున ఒక ఇల్లు చూసి వచ్చాం. ఒక్క అంతస్తు. ఒక్క స్నానాల గది. తుడవాల్సిన కిటికీలు తక్కువ. మెట్లు లేవు. ఉప్పు గాలి లేదు. నేను పుట్టి పెరిగింది ఆ వైపే, వరి పొలాల మధ్య. నాకు సరిగ్గా సరిపోతుంది.

లెలాండ్ "నీకు నచ్చిందా?" అని అడిగాడు. నచ్చిందన్నాను. "నచ్చిన మనిషివి అలా ఉన్నావేం?" అన్నాడు. చెప్పులు కరుస్తున్నాయన్నాను.

మార్చి 9

ఆ ఇంట్లో వంటింటి కిటికీ ఉత్తరం వైపుంది. పక్కింటివాళ్ళ గోడ కనిపిస్తుంది. మంచిదే. గోడకి ఉప్పు పట్టదు.

మార్చి 14, గురువారం

హోటలు కట్టేవాళ్ళు వచ్చారు. ఇద్దరు, మెడలో ఒకే రకం టైలు. మేడ ఏ స్థితిలో ఉన్నా సరే, ఈ నెలాఖరులోగా మాట ఇస్తే కొంటామన్నారు. అత్తగారు వాళ్ళని పియానో గదిలోకి రానివ్వలేదు, గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. వాళ్ళు వెళ్ళాక కాఫీ అడిగి, "అమ్మేద్దాం," అన్నారు.

లెలాండ్ కప్పు కింద పెట్టాడు. "తవ్వడానికి ఒప్పుకోవు గానీ అమ్మడానికి ఒప్పుకుంటావా?"

"అమ్మడం గౌరవమైన పని. జనం అమ్ముకుంటారు."

"నోరీన్, నువ్వైనా చెప్పు."

నేను చెప్పేలోపు ఆవిడ అన్నారు, "దానికేం తెలుసు, ద్వీపంలో పుట్టింది కాదుగా."

ముప్ఫై ఏళ్ళ నుంచీ వింటున్న మాటే. ఇక్కడ పుట్టినవాళ్ళు ఒక జాతి, మేము ఇంకో జాతి. పట్టించుకోను. రాత్రి వంటకి బీన్స్ నానబోశాను, ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాను.

మార్చి 20, బుధవారం

అమ్మకం కోసం గదులు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాను. ఒక గది తర్వాత ఒక గది, పైనుంచి కిందికి. భోజనాల గదిలో బీరువా జరిపితే వెనక గోడలో చిన్న చెక్క తలుపు కనిపించింది. ఎన్ని పూతల రంగు వేశారో, అంచులు మూసుకుపోయి ఉన్నాయి. కూరల కత్తితో చుట్టూ గీసి తెరిచాను.

వంట పైకి పంపే పెట్టె. గోడ లోపల తాళ్ళ మీద, కప్పీ మీద నడిచే రకం. కింద వంటగదిలో పళ్ళెం పెట్టి తాడు లాగితే పైన భోజనాల గదికి వస్తుంది. అలాంటివి పాత ఇళ్ళలో చూశాను. కాకపోతే మా ఇంటికి కింద వంటగది లేదు. వంటిల్లు ఇదే అంతస్తులో, పక్కనే ఉంది. మరి ఈ పెట్టె ఎక్కడికి వెళుతున్నట్టు?

తాడు వదిలాను. పెట్టె జానెడు దిగి ఆగిపోయింది. చెయ్యి పెట్టి చూస్తే ఇసుక. గుప్పెడు తీశాను. బూడిద రంగు, అందులో చిన్న చిన్న తెల్ల గవ్వలు. చీపురు కర్ర గుచ్చాను. మొత్తం దిగిపోయింది, ఏదీ తగల్లేదు.

తల ఎత్తేసరికి అత్తగారు గుమ్మంలో ఉన్నారు.

"అది మూసెయ్యి," అన్నారు.

మూశాను.

మార్చి 21, గురువారం

పొద్దుటి నుంచి వాన. లెలాండ్ ఆఫీసుకి వెళ్ళాక అత్తగారు తనంతట తనే భోజనాల గదిలోకి వచ్చి ఆ చిన్న తలుపు ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. నన్ను కూర్చోమనలేదు. కూర్చున్నాను.

"ఎంత లోతు దిగింది కర్ర?"

"కర్ర అయిపోయింది గానీ ఇసుక అయిపోలేదు మిస్ ఆగస్టా." అత్తగారినైనా ఇక్కడ మర్యాదకి మిస్ అనే పిలుస్తారు.

"ఊఁ." కాసేపు వాన చూశారు. "కింద వంటగది ఉంది. దాని పక్కన పనివాళ్ళ గది, బొగ్గుల గది. ఈ ఇంటికి మొదటి అంతస్తు అదే. నువ్వు కూర్చున్నది రెండో అంతస్తు."

నేను కాళ్ళ కిందికి చూశాను.

"ఇల్లు లేవలేదు," అన్నారు. "అంగుళం కూడా లేవలేదు."

తర్వాత అంతా ఆగి ఆగి చెప్పారు. తుఫానుకి ఆవిడ తండ్రి పత్తి గోదాములు మొత్తం కొట్టుకుపోయాయి. మేడ మిగిలింది, ఎత్తించే స్తోమత మిగల్లేదు. వీధిలో అందరి ఇళ్ళూ ఒక్కొక్కటే జాకీల మీద లేస్తున్నాయి. ఎత్తించలేనివాళ్ళు కింది అంతస్తు ఇసుకకి వదిలేసుకోవాలి. ఎమిల్ రాష్‌కే వదిలేశాడు. కానీ ఆ మాట పైకి పొక్కనివ్వలేదు. ఇసుక కుళ్ళు కంపు భరించలేక వీధిలో జనం శాన్ ఆంటోనియో వైపు వెళ్ళిపోయిన వారంలో జాకీలు అద్దెకి తెచ్చి పెరట్లో గుట్ట పోయించి, వాటి పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. తర్వాత కిటికీల్లోంచి గొట్టం పెట్టించాడు.

"ఆ రాత్రి నన్ను ఎత్తి పియానో మూత మీద కూర్చోబెట్టి కథ అప్పజెప్పించుకున్నారు. డప్పు, పావు చుట్టు, అన్నీ. తప్పు లేకుండా చెప్పేదాకా దింపలేదు. నాకు ఏడేళ్ళు. చెప్పగా చెప్పగా ఇల్లు ఊగినట్టు నాకే గుర్తుండిపోయింది నోరీన్. డప్పు చప్పుడు కూడా గుర్తుంది. ఎవరూ కొట్టని డప్పు."

"దీని కోసమా తవ్వనివ్వనన్నది?"

"తవ్వితే కిటికీలు బయటపడతాయి. వినీ గోడ మీంచి చూస్తుంది. సాయంత్రానికి ఊరంతా. మా నాన్న ఊరందరి ముందూ అబద్ధాలకోరు అవుతాడు." కర్రతో నేల మీద ఒకసారి తట్టారు. "అమ్మేస్తే ఎవరికీ తెలీదు."

నేను టీ పెట్టి తెచ్చాను. ఇద్దరం తాగాం. ఆవిడ కప్పు దించేటప్పుడు టీ సాసర్‌లోకి తొణికింది. చూడనట్టే ఉన్నాను.

మార్చి 22

లెలాండ్‌కి చెప్పలేదు. చెప్పొద్దని ఆవిడ అనలేదు. అయినా.

మార్చి 26

మూడు పెట్టెలు సర్దాను. రెండు విప్పాను.

మార్చి 29, శుక్రవారం

హోటలువాళ్ళు పథకం బొమ్మ పంపించారు. లెలాండ్ భోజనాల బల్ల మీద పరిచాడు. మేడ ఉన్నచోట మేడ లేదు. నీలం రంగు వేసి ఉంది.

"ఈ నీలం ఏమిటి?" అన్నారు అత్తగారు.

"ఈత కొలనమ్మా."

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "సరిగ్గా భోజనాల గది దగ్గరుంది."

నాకు అప్పుడే తట్టింది. లెలాండ్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళేదాకా ఆగి అన్నాను. "మిస్ ఆగస్టా, కొలను కట్టాలంటే తవ్వాలి. సాలస్ తవ్వేది గొయ్యి. వీళ్ళు యంత్రాలు పెట్టి ఇల్లంత తవ్వుతారు. వీధిలో కుర్చీలు వేసుకుని మరీ చూస్తారు జనం."

ఆవిడ మొహంలో రంగు మారింది. ఇన్నాళ్ళూ అమ్మకం అంటే తలుపు మూసుకోవడం అనుకున్నట్టున్నారు.

"సాలస్ అయితే వెనక పక్క మాత్రమే తవ్వుతాడు," అన్నాను.

"వెనక పక్క వినీ కిటికీ ఉంది."

"బట్టలారేసే తాళ్ళు కూడా వెనక పక్కే ఉన్నాయి. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఉతికి, గొయ్యికీ ఆ కిటికీకీ మధ్య ఆరేస్తాను. వసంతంలో దుప్పట్లు ఉతకడం తప్పేం కాదుగా."

అత్తగారు బొమ్మని నా వైపు తోసేశారు. లెలాండ్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చాడు.

"లెలాండ్," అన్నారు, "ఆ తీపి రొట్టె తిన్న అబ్బాయిని రమ్మను."

"ఇప్పుడేమైందమ్మా?"

"ఏమీ కాలేదు. నీ భార్యకి దుప్పట్లు ఉతకాలని ఉంది."

ఏప్రిల్ 2, మంగళవారం

ఇంట్లో ఉన్నవన్నీ ఉతికాను. పరుపు దుప్పట్లు, బల్ల గుడ్డలు, ఎవరూ వాడని అతిథుల గది తెరలు. నాలుగు వరసల తాళ్ళు. దక్షిణపు గాలికి ఓడ తెరచాపల్లా కొట్టుకుంటున్నాయి. వెనక సాలస్, అతని ఇద్దరు మనుషులు చప్పుడు లేకుండా పారలు వేస్తున్నారు. చప్పుడు ఎందుకు చెయ్యకూడదని సాలస్ అడిగాడు. అత్తగారికి తలనొప్పి అని చెప్పాను.

వినీ గోడ మీంచి పిలిచింది. "ఏమిటి నోరీన్, హోటలు పెడుతున్నావా?"

"వసంతం కదా మిసెస్ ప్యాక్‌స్టన్, దులుపుతున్నాను."

"దులుపు దులుపు. నిన్న ఆరేసినవి ఇవాళ మళ్ళీ తడిపావేం?"

"ఉప్పు పట్టింది."

"ద్వీపంలో ఉప్పు పట్టకేం చేస్తుంది," అని లోపలికి పోయింది.

ఏప్రిల్ 4, గురువారం

సాలస్ దుప్పట్ల సందులోంచి తల పెట్టి, రమ్మని చెయ్యి ఊపాడు. అత్తగారిని చెయ్యి పట్టుకుని నడిపించాను. గొయ్యి అంచున కుర్చీ వేశాం.

మా గోడ కిందికి దిగుతూనే ఉంది. ఎర్రటి ఇటుక, నిన్న పేర్చినట్టుంది. మధ్యలో కమాను కిటికీ, అద్దం పగలకుండా, వెనక నిండా ఇసుక. గోడ అడుగున మెట్లు మెట్లుగా వెడల్పయిన పునాది. సాలస్ గొయ్యిలో నిలబడితే నెత్తి కూడా కనిపించడం లేదు.

"ఇది ఎత్తిన ఇల్లు కాదు మేడమ్," అన్నాడు కింద నుంచి.

అత్తగారు కర్రని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నారు.

"కాకపోవడం మీ అదృష్టం. స్తంభాలు లేవు, మొదట కట్టిన గోడే పునాది దాకా ఉంది. అది కుంగలేదు. కుంగింది మీ వెనక వసారా. తర్వాతెప్పుడో ఇసుక మీద కట్టి ఇంటికి తగిలించారు. దాని కింద నీళ్ళ గొట్టం పగిలి ఇసుక కొట్టుకుపోతోంది. వసారా దిగుతూ మీ భోజనాల గది గోడని తనతో లాగుతోంది. గొట్టం బాగు చేసి వసారాని విడదీస్తే సరి."

"గోడ కదల్లేదంటావా?"

"కదల్లేదు."

"ఆ తుఫానుకి కూడా?"

"ఏ తుఫానుకీ. అంగుళం కదల్లేదు."

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు. ఆవిడ ముందుకి వంగి ఇటుకల మీద చెయ్యి వేశారు. నేను వెనక నుంచి నడుం పట్టుకున్నాను, పడిపోతారేమోనని.

"నువ్వు రాసే కాగితంలో, ఇల్లు లేవలేదని కూడా రాయాలా?"

సాలస్ నావైపు చూశాడు, దుప్పట్ల వైపు చూశాడు. అర్థమైనట్టుంది. "పునాది గట్టిదని రాస్తే చాలు. ఇల్లు ఎలా లేచిందని వాళ్ళు అడగలేదు."

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, సింకు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను. ఇవాళ వంటలో ఉల్లిపాయల అవసరం లేదు.

ఏప్రిల్ 5

లెలాండ్‌కి అత్తగారే చెప్పారు, గొయ్యి చూపించి. అతను చాలాసేపు కిటికీ కమాను చూసి, "అయితే నేను చిన్నప్పుడు బడిలో వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నది..." అన్నాడు. "బాగా రాశావు," అన్నారు ఆవిడ.

ఏప్రిల్ 7

ఈస్టర్. హామ్, బంగాళదుంపలు, నిమ్మకాయ కేకు. ఎవరూ ఇంటి మాట ఎత్తలేదు. హాయిగా తిన్నాం.

ఏప్రిల్ 24, బుధవారం

కాగితం తీసేశారు. అంటించినాయనే వచ్చి తీశాడు. రంగు ఊడింది, చెప్పినట్టే. నిమ్మరసం ఇచ్చాను.

ఆవలి ఒడ్డు ఇంటికి వద్దని లెలాండ్ ఫోను చేశాడు. హోటలువాళ్ళకి అత్తగారే చేశారు. "కొలను సముద్రంలో కట్టుకోండి," అన్నారట.

బాధ లేదని ఫిబ్రవరిలో రాసుకున్నాను. అప్పటికి అలాగే అనిపించిందేమో. పొద్దున్న కిటికీలు తుడిచాను, మొత్తం. మధ్యాహ్నానికి మళ్ళీ ఉప్పు.

మే 4, శనివారం

పాత ఇళ్ళ ప్రదర్శన. మా గేటు దగ్గర నుంచి వీధి మలుపు దాకా జనం. వసారా తీసేసిన చోట కొత్త పలకలు వేయించాం. సాలస్ ఇంకా పూడ్చని గొయ్యి మీద చెక్కలు పరిచి గుడ్డ కప్పాను.

అత్తగారు ముత్యాల దండతో పియానో పక్కన నిలబడ్డారు. తుఫాను, గొట్టాలు, ఇసుక, అన్నీ మామూలుగానే చెప్పారు. "ఇసుక పోయించేది ఊరు, ఇల్లు ఎత్తించుకోవాల్సింది ఎవరికి వాళ్ళే" దాకా వచ్చి ఆగారు. మర్చిపోయారనుకుని నేను పెదాలతో 'మా నాన్న' అని అందించాను.

ఆవిడ నావైపు చూశారు. "తెలుసు," అన్నారు పైకే.

తర్వాత అన్నారు, "మా నాన్న ఎత్తించలేదు. ఆయన దగ్గర డబ్బు లేదు. సిగ్గుపడి ఎత్తించానని చెప్పుకున్నారు. ఆ జాకీలు ఫోటో కోసం తెచ్చినవి. మీ కాళ్ళ కింద ఒక అంతస్తు నిండా ఇసుక ఉంది. లేచింది ఇల్లు కాదు, ఊరు. తుఫానుకి ముందు ఈ గోడలు ఎక్కడున్నాయో ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. ఈ వీధిలో కదలని ఇల్లు ఇదొక్కటే. అంగుళం కదల్లేదు. ఇంజినీరుని అడగండి."

జనం నేల వైపు చూసుకున్నారు. తర్వాత ఒకావిడ, "కింద చూడొచ్చా?" అంది. అందరూ ఒకేసారి అడగడం మొదలుపెట్టారు. లెలాండ్ వాళ్ళని గొయ్యి వైపు తీసుకెళ్ళాడు.

వినీ కదల్లేదు. ఖాళీ అయిన గదిలో వెనకే నిలబడి ఉంది. అత్తగారు గడ్డం పైకెత్తి ఆవిడ ఎదురుగా నిలబడ్డారు.

"కానీ వినీ. అను."

"ఏమనాలి? ఆ జాకీలు మా నాన్నవి ఆగస్టా. మా ఇల్లు ఎత్తడానికి తెప్పించినవి. వారం రోజులు మీ నాన్నకి ఇచ్చాడు."

అత్తగారు పియానో మీద చెయ్యి ఆనించారు. "నీకెప్పటి నుంచి తెలుసు?"

"నా పెళ్ళప్పుడు చెప్పాడు నాన్న. బయట అనొద్దని కూడా చెప్పాడు. అయినా ఎవరైనా చెప్పాలా? మా గుమ్మం ఎక్కాలంటే నాకు మధ్యలో ఒకసారి కూర్చోవాలి. మీకు మూడే మెట్లు. మిగతావి ఇసుక కిందికి కాక ఎక్కడికి పోయాయనుకున్నావు?"

"మరి ఇన్నేళ్ళూ వచ్చి వెనక నిలబడి నవ్వుకునేదానివా?"

"నవ్వుకోవడానికి అయితే ఒక్కసారి వస్తే చాలదూ. నువ్వు బాగా చెప్తావు. టీ తొణకలేదు అనేసరికి ప్రతిసారీ నాకు నిజమేననిపించేది." చేతిసంచీ సర్దుకుంది. "నోరీన్, ఇక దుప్పట్లు లోపల పెట్టుకోవచ్చు. నా కంటికి ఆపరేషనయ్యాక ఇంత తెల్లటివి చూడ్డం అదే మొదలు, నాలుగు రోజులు తల నొప్పెట్టింది."

అత్తగారు నవ్వారు. మొదట ముక్కుతో, తర్వాత కుర్చీ వెతుక్కుని కూర్చుని. వినీ కూడా కూర్చుంది. టీ అడిగారు ఇద్దరూ.

మే 5, ఆదివారం

పొద్దున్నే బిస్కట్ల మీద వెన్న రాస్తూ అత్తగారు, "సాలస్‌కి ఫోను చెయ్యండి. గొయ్యి పూడ్చొద్దనండి. ఇంకా తవ్వమనండి," అన్నారు.

లెలాండ్ నవ్వాడు. "చెంచాడు ఇసుక కూడా తియ్యనివ్వననలేదూ?"

"అది అప్పుడు. వంటగది దాకా తవ్వాలి." కత్తి పళ్ళెం అంచున పెట్టారు. "ఇసుక వదిలేముందు సామాను పైకి తెచ్చుకోమని గొట్టంవాళ్ళు అమ్మకి ఒక పూట టైమిచ్చారు. అమ్మ ఏమీ తియ్యలేదు. నాన్న ఇల్లు ఎత్తిస్తున్నానని తనకీ అలాగే చెప్పారు. రెండు రోజులు పోతే మళ్ళీ కిందికెళ్ళి వండుకుంటాననుకుంది. పిండి కలిపిన గిన్నె మీద గుడ్డ కప్పి పైకి వచ్చింది."

లెలాండ్ నవ్వు ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ నోట తల్లి మాట, టీ పోయడం తప్ప, నేను విన్నది ఇదే.

"ఆ తర్వాత ఆవిడ ఏమంది?" అన్నాను.

"నాన్నతోనా? ఏమీ అనలేదు. మర్నాడు పక్క గదిలో కొత్త పొయ్యి పెట్టించుకుంది. అదే నువ్వు వండుతున్న వంటిల్లు." బిస్కట్ తీసి నా పళ్ళెంలో పెట్టారు. "గిన్నెకి నీలం గీత ఉంటుంది. బల్ల కిటికీ పక్కనే. ఎక్కువ తవ్వక్కర్లేదు."

సాలస్ మంగళవారం వస్తానన్నాడు. ఈసారి చప్పుడు చేసుకోవచ్చని చెప్పాను. వినీకి గోడ మీంచి చెబితే కుర్చీ తనే తెచ్చుకుంటానంది, మా కుర్చీలు నడుముకి పడవట. తీపి రొట్టెలు రెండు చెయ్యాలి. పెకాన్ పప్పులు కొనాలి.